బాబుని ఇంట్లోనే చదివిస్తున్నాం, గ్రామ సచివాలయం నుంచి అడుగుతున్నారు. చట్టం ఏమంటుంది?

ప్రశ్న అడిగినవారు: పాలకొల్లు అమ్మ

అందరికీ నమస్కారం అండి. మాది పాలకొల్లు పక్కన పల్లెటూరు. మా ఆయన లీజు చెరువుల్లో రొయ్యలు వేస్తారు. నేను ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేసి, పెళ్లికి ముందు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పాను. మా బాబుకి ఎనిమిదేళ్లు నిండాయి. రెండో తరగతి దాకా టౌన్లో ఒక ప్రైవేట్ స్కూల్‌కి పంపాం. పొద్దున్న ఏడింటికల్లా బస్సు ఎక్కాలి. ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టే వేళ, ఆ తర్వాత హోంవర్కు. నోట్సులో ఒక్క లైను తప్పితే పేజీ అంతా మళ్లీ రాయించేవారు. చివరికి బస్సు హారన్ వినపడితే చాలు, వాడికి వాంతులు అయ్యేవి. డాక్టరు గారు పరీక్షలన్నీ చేసి ఒంట్లో ఏమీ లేదమ్మా, టెన్షన్ అన్నారు. ఈ జూన్ నుంచి పంపడం మానేశాం.

ఇంట్లో నేనే చెబుతున్నాను. పొద్దున లెక్కలు, తెలుగు. మధ్యాహ్నం మా మావగారి పక్కన కూర్చుని పేపరు గట్టిగా చదువుతాడు. సాయంత్రం నాన్నతో చెరువు గట్టు మీదికి వెళ్తాడు. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడ్డానికి నీళ్లలో దించే చెక్ ట్రే పైకి లాగితే మేత ఎంత మిగిలిందో చూసి వాడే పుస్తకంలో రాస్తాడు. మొన్న వాడికో అనుమానం వచ్చింది. "నాలుగు ట్రేల్లో రెండింట్లో మేత మిగిలింది కదా, అంటే రేపు సగం మేతే వేయాలా?" అన్నాడు. రెండు ట్రేల్లో మిగిలినంత మాత్రాన సగం ఎందుకు తగ్గించకూడదో చెప్పబోతే ఆ పూటంతా భిన్నాల పాఠం అయిపోయింది. ఒక్కో ట్రేలో ఎంత వేశాం, ఎంత మిగిలింది అని బొమ్మ గీసి, గళ్లు కొట్టి, వాడే లెక్క తేల్చాడు. వాంతులు పూర్తిగా పోయాయి.

ఇప్పుడు వచ్చిన చిక్కేంటంటే, పిల్లాడి పేరు డ్రాప్ బాక్స్‌లో, అంటే ఏ బడిలోనూ లేని పిల్లల జాబితాలో, చూపిస్తోందని సచివాలయం నుంచి వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్ గారు వచ్చారు. మర్యాదగానే అడిగారు. "ఏ స్కూల్లో వేశారో చెప్పండమ్మా, మేం అప్‌డేట్ చేయాలి" అన్నారు. ఇంట్లో చదువుతున్నాడంటే, ఆ ఆప్షన్ లేదండి అన్నారు. కేసు పెడతారేమోనని మా అత్తగారికి భయం పట్టుకుంది. ఇంటి చదువుకు మన రాష్ట్రంలో పర్మిషన్ అంటూ ఏదైనా ఉందా? ఉంటే ఎవరిస్తారు? రేపు పదో తరగతి ఎలా రాయించాలి? ఇంకో సంగతి. పక్కింటివాళ్లు, ఎదురింటివాళ్లు తమ పిల్లల్ని కూడా బడి మాన్పించి నా దగ్గరికే పంపుతామంటున్నారు, ఫీజు ఇస్తామంటున్నారు. అలా చేయొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: భీమవరం రాజు

ఇంత కంగారు అక్కర్లేదండి. మా బంధువులు చేసిందే చెబుతున్నా. దగ్గర్లో ఏదో ఒక స్కూల్లో పేరు రాయించేయండి. ఏడాదికి కొంత కడితే హాజరు వాళ్లే వేసుకుంటారు. సచివాలయం వాళ్లు మళ్లీ రారు, బడికెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులు కూడా పడతాయి. పదో తరగతి వచ్చాక చూసుకోవచ్చు.

జవాబు: రాజోలు మాస్టారు

అమ్మా, ముందు మీ అత్తగారికి ధైర్యం చెప్పండి. విద్యాహక్కు చట్టంలో బిడ్డను బడికి పంపని తల్లిదండ్రులకు జైలు గానీ జరిమానా గానీ రాయలేదు. నేను ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ బడుల్లో చేసి హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. ఎక్కువ కాలం లంక గ్రామాల్లోనే చేశాను. బడి బయట పిల్లల సర్వేలు ప్రతి ఏటా చేసేవాళ్లం. ఆ చట్టం కింద ఒక్క తల్లినైనా కోర్టుకు ఈడ్చడం నేను చూడలేదు.

అయితే చట్టం మీకు పర్మిషన్ ఇచ్చిందని కూడా అనుకోకండి. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. 2002లో రాజ్యాంగానికి 86వ సవరణ చేసి 21ఎ అధికరణం చేర్చారు. దాన్ని అమలు చేయడానికి 2009లో విద్యాహక్కు చట్టం తెచ్చారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అది నడుస్తోంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ వర్తిస్తుంది. దాని 10వ సెక్షన్ ప్రకారం బిడ్డను దగ్గర్లోని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి. చేర్చకపోతే ఏమవుతుందో అక్కడ ఏమీ లేదు. 8వ సెక్షన్‌లో బిడ్డ చేరేలా, రోజూ వచ్చేలా, చదువు పూర్తి చేసేలా చూసే బాధ్యతంతా ప్రభుత్వం నెత్తిన పెట్టారు. 9వ సెక్షన్ ప్రకారం పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరి రికార్డు స్థానిక సంస్థ దగ్గర ఉండాలి. మీ ఇంటికి వచ్చిన అసిస్టెంట్ గారు చేస్తున్నది ఆ పనే. ఇంటి చదువు అనే మాట ఆ చట్టంలో మామూలు పిల్లల విషయంలో ఎక్కడా రాదు. కూడదనీ లేదు, చేసుకోండనీ లేదు. 2012లో ఢిల్లీ హైకోర్టులో ఈ విషయం మీద ఒక పిటిషన్ నడిచినప్పుడు, ఇష్టపడి ఇంట్లో చదివించుకునేవాళ్లకు ఈ చట్టం అడ్డు రాదని కేంద్రం మొదట అఫిడవిట్ వేసింది, తర్వాత ఆ మాట వెనక్కి తీసుకుంది. అందుకే మీ అసిస్టెంట్ గారి ఫోన్లో ఆ ఆప్షన్ లేదు. తప్పు ఆయనది కాదు.

ఇక రాజు గారు చెప్పిన దారి. రాజు గారూ, కోపగించుకోకండి, ఆ పని ఎవరితోనూ చేయించకండి. రాని పిల్లాడికి హాజరు వేయడం దొంగ రికార్డు. ఆ పథకం డబ్బు 75 శాతం హాజరున్న పిల్లలకి. రాని హాజరు చూపించి తీసుకుంటే రేపు అడిగేవాడికి జవాబు చెప్పుకోలేరు. డబ్బు సంగతి అటుంచండి, నాకు అంతకన్నా పెద్ద బాధ ఇంకోటుంది. పిల్లాడు రోజూ బడికొస్తున్నట్టు కాగితం మీద టిక్కు పడుతున్నంత కాలం వాడి గురించి ఇంకెవరూ అడగరు. మీ బాబు అమ్మ దగ్గర భిన్నాలు నేర్చుకుంటున్నాడు సరే. అదే టిక్కు చాటున ఇంకో ఇంట్లో ఇంకో పిల్ల ఏం చేస్తోందో ఎవరికి తెలుస్తుంది?

ఇది ఊహించి అంటున్నది కాదు. నరసాపురం వైపు ఊళ్లలో లేసు అల్లిక ఇంటింటా ఉండే పనే కదా. ఒకసారి సర్వేకి వెళ్తే ఒక తల్లి "మా అమ్మాయి ఇంట్లోనే చదువుకుంటోందండి, నేనే చెబుతున్నా" అంది. గూట్లో పలక ఉంది, రెండో తరగతి వాచకం ఉంది. ఆ పిల్లకి పదకొండేళ్లు ఉంటాయి. ఏదైనా ఒక పేరా చదవమ్మా అని పుస్తకం చేతికిస్తే, పేజీ తిప్పే చెయ్యి చూశాను. చూపుడు వేలు పక్కన దారం ఒరిసి ఒరిసి సన్నటి గాడి పడింది, ఆ చుట్టూ చర్మం కాయ కాసింది. పుస్తకం పట్టుకున్నంతసేపూ ఆ వేలు తనకు తెలియకుండానే దారం లాగుతున్నట్టు కదులుతూనే ఉంది. చదవడం రాలేదు. తల్లిని తిట్టడానికి నోరు రాలేదు నాకు. ఆవిడ వేలికీ అదే గాడి ఉంది. ఆ పిల్లను కస్తూర్బా విద్యాలయంలో చేర్చడానికి ఆవిడతో చాలాసార్లు మాట్లాడాల్సి వచ్చింది. చేరింది, చదువుకుంది.

మీరూ ఆ తల్లీ చెప్పిన మాట ఒక్కటేనమ్మా. "ఇంట్లోనే చదువుకుంటున్నాడు." లోపల ఏం జరుగుతుందో గుమ్మం దగ్గర నిలబడిన మనిషికి తెలియదు. రొయ్యల తలలు తీసే షెడ్లకి, కొబ్బరి పీచు పనికి పోయే పిల్లల తల్లిదండ్రులు కూడా ఆ మాటే చెప్పడం నేను విన్నాను. అందుకే ప్రభుత్వం వచ్చి పిల్లాణ్ని ఒకసారి చూస్తానంటే అది మీకు అవమానం కాదు. ఏ పాఠం ఎప్పుడు చెప్పాలో మీకు నేర్పే హక్కు వాళ్లకి లేదని నేనూ అంటాను. బిడ్డ ఉన్నాడు, బాగున్నాడు, నేర్చుకుంటున్నాడు అని చూసే హక్కు మాత్రం ఆ బిడ్డ తరఫున ఎవరో ఒకరికి ఉండి తీరాలి.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెబుతాను. మండల విద్యాశాఖాధికారికి (ఎంఈఓ) ఒక ఉత్తరం రాయండి. బాబు పేరు, పుట్టిన తేదీ, ఇదివరకు చదివిన తరగతి, ఎందుకు మాన్పించారో డాక్టరు కాగితంతో సహా, ఇంట్లో ఎవరు ఏం చెబుతున్నారో, వీటితో పాటు ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చని కూడా రాయండి. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. దీంతో పర్మిషన్ వచ్చినట్టు కాదు. మీరు దాచలేదని రుజువు ఉంటుంది, అంతే. పాత స్కూల్ నుంచి టీసీ ఇప్పుడే తీసుకోండి. ఆలస్యమైతే ఫీజు బాకీ అంటారు, రికార్డు దొరకలేదంటారు. చెక్ ట్రే లెక్కల పుస్తకం ఉంది చూశారూ, దాన్ని పారేయకండి. తేదీలతో ఉన్న అలాంటి పుస్తకం ఏ పరీక్ష పేపరు కన్నా గట్టి సాక్ష్యం. ఒక జాగ్రత్త. చెరువు దగ్గర చూసి నేర్చుకోవడం వేరు, పని చేయడం వేరు. 2016లో బాలకార్మిక చట్టం సవరించాక పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఇంటి పనికి సాయం చేయాలన్నా బడి వేళలు దాటాక, సెలవుల్లో మాత్రమే, అదీ ప్రమాదం లేని పని అయితేనే. ఏరేటర్ల కరెంటు వైర్లు ఉన్న గట్టు మీదికి వాడిని ఒంటరిగా పంపకండి.

ఇరుగుపొరుగు పిల్లల్ని మాత్రం బడి మాన్పించి తీసుకోవద్దు. అలా నలుగుర్ని పోగుచేసి ఫీజు తీసుకుని పగలు పాఠాలు చెబితే గుర్తింపు లేని బడి నడుపుతున్నారంటారు. 18వ సెక్షన్ కింద లక్ష రూపాయల దాకా జరిమానా, ఆపకపోతే రోజుకు పది వేల దాకా. మీ ఒక్క బిడ్డ విషయంలో మెత్తగా ఉన్న చట్టం అక్కడ గట్టిగానే ఉంది.

పదో తరగతికి బెంగ లేదు. పద్నాలుగేళ్లు నిండితే జాతీయ ఓపెన్ స్కూలైన ఎన్‌ఐఓఎస్‌లో గానీ, మన రాష్ట్ర ఓపెన్ స్కూల్లో గానీ నేరుగా పది రాయొచ్చు. రెండింట్లోనూ తెలుగు మీడియం ఉంది.

జవాబు: అమలాపురం నాన్న

మాస్టారూ, మీరంటే గౌరవం. మీరు చెప్పిన లేసు పిల్ల సంగతి చదివి చాలాసేపు ఆలోచించాను. అయినా నా అనుభవం వేరు, చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మా అమ్మాయిని ఆరో తరగతి నుంచి ఇంట్లోనే చదివించాం. ఎన్‌ఐఓఎస్‌లో పది, ఆ తర్వాత పన్నెండు రాసింది. అక్కడ అడ్మిషన్ ఒకసారి తీసుకుంటే ఐదేళ్లు చెల్లుతుంది, తొమ్మిదిసార్ల దాకా పరీక్ష రాసుకోవచ్చు. ఏప్రిల్-మే, అక్టోబర్-నవంబర్ అని ఏడాదికి రెండు విడతలుంటాయి. మా అమ్మాయి ముందు తెలుగు, హోంసైన్స్ రాసి, భయం పోయాక లెక్కలు రాసింది. మామూలు బడిలో ఆ వెసులుబాటు ఎవరిస్తారు?

నా భయం ఏంటంటే, ఇంటి చదువుకు ఒక ఆప్షన్ పెట్టమని మనమే అడిగితే దాని వెనకే ఫారాలు వస్తాయి, ఫారం వెనక తనిఖీ, తనిఖీ వెనక సిలబస్. ఇవాళ చూసి వెళ్తానన్నవాళ్లు రేపు మా పుస్తకాలే వాడండి, మా పరీక్షే రాయండి అంటారు. బడిలో ఇమడలేక బయటికొచ్చిన పిల్లకి మళ్లీ ఇంటికే బడి తెచ్చిపెట్టినట్టు అవుతుంది. ఊళ్లో ఉన్న బడుల్నే సరిగా చూడలేకపోతున్నారు, మా ఇంటికొచ్చి ఏం చూస్తారండి?

ప్రశ్న అడిగిన చెల్లెమ్మకి మాత్రం ఒక పనికొచ్చే మాట. ఇంట్లో చదివిన పిల్లలకి అసలు చిక్కు పరీక్షల్లో రాదు, కాలేజీ సీట్ల కౌన్సెలింగ్‌లో వస్తుంది. మన రాష్ట్రంలో 85 శాతం సీట్లు లోకల్ అభ్యర్థులకే. లోకల్ అని తేల్చడానికి వరసగా నాలుగేళ్ల స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. మా అమ్మాయికి అవి ఎక్కణ్నుంచి వస్తాయి? వెరిఫికేషన్ బల్ల దగ్గర ఫైలు తిరగేసి, ఇవి లేకపోతే నాన్-లోకల్‌గా పెడతామన్నారు. అప్పుడు 1974 నాటి ప్రెసిడెన్షియల్ ఆర్డర్ కాగితం చూపించాను. ఆ నాలుగేళ్లలో ఏ విద్యాసంస్థలోనూ చదవకపోతే, ఆ ప్రాంతంలో నాలుగేళ్లు నివాసం ఉన్నట్టు చూపిస్తే చాలని అందులో స్పష్టంగా ఉంది. తహసీల్దార్ ఇచ్చిన నివాస ధ్రువపత్రం పెట్టాం, లోకల్ కింద తీసుకున్నారు. ఆ కాగితం ముందుగానే తీసి పెట్టుకోండి.

నీట్ రాయించే ఆలోచన ఉన్నవాళ్లు కూడా భయపడక్కర్లేదు. ఓపెన్ స్కూల్ పిల్లలు పనికిరారని పెట్టిన నిబంధనను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది.

జవాబు: నరసాపురం ఆడపడుచు, పెన్సిల్వేనియా

నా పుట్టిల్లు నరసాపురం, ఉండేది ఫిలడెల్ఫియా దగ్గర. మా ఇద్దరు పిల్లలూ ఇంట్లోనే చదువుతున్నారు. అమలాపురం అన్నయ్య గారి భయం నాకు అర్థమైంది కాబట్టి ఇక్కడ ఎలా జరుగుతుందో చెబుతాను.

పెన్సిల్వేనియాలో 1988లోనే దీనికి చట్టం చేశారు. ఏటా స్కూల్ డిస్ట్రిక్ట్‌కి, అంటే ఇక్కడి బడుల్ని చూసే స్థానిక ఆఫీసుకి, ఒక అఫిడవిట్ ఇవ్వాలి. ఏం నేర్పబోతున్నామో క్లుప్తంగా రాయాలి, టీకాలు వేయించామని చెప్పాలి, ఇంట్లో పెద్దవాళ్లెవరికీ ఫలానా నేరాల్లో శిక్ష పడలేదని ప్రమాణం చేయాలి. ఏడాదికి 180 రోజులు, లేదా చిన్న తరగతులకు 900 గంటలు, పెద్ద తరగతులకు 990 గంటలు చదువు సాగాలి. 3, 5, 8 తరగతుల్లో ఒక ప్రామాణిక పరీక్ష ఉంటుంది. ఏడాది చివర పిల్లలు రాసినవి, గీసినవి, చదివిన పుస్తకాల పట్టిక అన్నీ ఒక ఫైలు చేసి, అర్హత ఉన్న టీచర్ దగ్గరికి వెళ్తాం. ఆ టీచర్‌ని మనమే ఎంచుకుంటాం. ఆవిడ ఫైలు చూసి, పిల్లలతో మాట్లాడి, చదువు సాగుతోందని ఒక ఉత్తరం ఇస్తుంది. 2014 నుంచి ఆఫీసుకి ఆ ఉత్తరం ఒక్కటి ఇస్తే సరిపోతుంది, ఫైలు పంపక్కర్లేదు. సిలబస్ మాదే. మా పెద్దవాడు ఏడాదంతా గోదావరి ఆనకట్ట మీద ప్రాజెక్టు చేశాడు. ధవళేశ్వరం నుంచి కాలువలు ఎలా చీలతాయో మా నాన్నగారు వీడియో కాల్‌లో చెబితే వీడు మ్యాప్ గీశాడు. ఎవరూ కాదనలేదు. అంటే తనిఖీ ఉన్నంత మాత్రాన సిలబస్ నెత్తికెక్కదండి.

నది దాటి న్యూజెర్సీలోకి వెళ్తే ఇవేవీ లేవు, ఎవరికీ చెప్పక్కర్లేదు. అక్కడున్న మా స్నేహితులు అదే నయమంటారు. 2018 జనవరిలో కాలిఫోర్నియాలో పెరిస్ అనే ఊళ్లో జరిగింది విన్నాక మాత్రం నాకు అలా అనిపించలేదు. టర్పిన్ అనే దంపతులు పదమూడు మంది పిల్లల్ని ఇంట్లోనే ఉంచి సరిగా తిండి పెట్టకుండా, కొందరిని గొలుసులతో కట్టి హింసించారు. పదిహేడేళ్ల అమ్మాయి కిటికీలోంచి బయటపడి పోలీసులకు ఫోన్ చేస్తే గానీ లోకానికి తెలియలేదు. ఆ తండ్రి తన ఇంటినే ప్రైవేట్ బడిగా ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకున్నాడు. కాగితం ఉంది. ఆ గుమ్మం తొక్కిన మనిషే లేడు. తర్వాత అలాంటి ఇళ్ల మీద తనిఖీ ఉండాలని బిల్లు పెడితే, ఇంట్లో చదివించే తల్లిదండ్రులు వందలమంది వచ్చి వ్యతిరేకించారు, అది కమిటీలోనే ఆగిపోయింది. వాళ్లలో చాలామంది నాలాంటి అమ్మలే, నాకు తెలుసు. అయినా నేను ఆ వరసలో నిలబడలేను. మా పిల్లలతో ఏడాదికి ఒక్కసారి బయటి మనిషి మాట్లాడితే నాకు పోయేదేమీ లేదు. ఆ పదమూడు మందిలో ఒక్కరితో ఎవరైనా మాట్లాడి ఉంటే!

జవాబు: మలికిపురం

నేను ఎక్కువ రాయలేను. మా పాపకి నడవడం, మాట్లాడడం రెండూ రావు. బడికి వెళ్లలేదు. 2012లో విద్యాహక్కు చట్టం సవరించినప్పుడు తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లలకి ఇంటి దగ్గరే చదువు కోరుకునే హక్కు ఇచ్చారు. అంటే ఇంటి చదువుకు చట్టంలో చోటున్నది మా పాపలాంటి వాళ్లకే. ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం నుంచి టీచరమ్మ వస్తుంది. రంగు బంతులు, ఫ్లాష్ కార్డులు తెస్తుంది. ఆవిడ బండి చప్పుడు వింటే పాప మెడ తిప్పి వాకిలి వైపు చూస్తుంది. వరదొచ్చి కాజ్‌వే మునిగితే రాలేదు, అప్పుడు పాప చేసిన అల్లరి ఇంతా అంతా కాదు. ప్రభుత్వం మనిషి మన ఇంటికి రావడం అంటే తనిఖీ ఒక్కటే కాదండి. సాయం కూడా ఆ గుమ్మంలోంచే వస్తుంది. అమలాపురం వారు ఇది కూడా ఆలోచించాలి.

జవాబు: పాలకొల్లు అమ్మ

అందరికీ చాలా థాంక్స్ అండి. మాస్టారూ, మీ మాట చదివి మా అత్తగారికి వినిపించాను. ఆవిడా చిన్నప్పుడు లేసు అల్లినావిడే. ఏమీ అనలేదు. "రాయవే ఉత్తరం, దాచేదేముంది" అంది చివరికి. పక్కింటి పిల్లల్ని బడి మాన్పించొద్దని చెప్పేశాను. బడి అయ్యాక సాయంత్రం ట్యూషన్‌కి రమ్మన్నాను. దొంగ హాజరు మా ఆయనకి ముందునుంచీ ఇష్టం లేదు. తల్లికి వందనం మా అబ్బాయి బడికి వెళ్లిన రోజు వస్తుంది, లేకపోతే లేదు.

ఒక్క అనుమానం మిగిలింది. రెండేళ్ల తర్వాత వాడికే బడికెళ్లాలనిపిస్తే? మధ్యలో ఏ తరగతీ లేదు, మార్కుల కాగితాలు లేవు. మళ్లీ మూడో తరగతిలో కూర్చోబెడతారా? పాత స్కూల్ వాళ్లు టీసీ కోసం తిప్పుతున్నారు, అదొకటి.

జవాబు: రాజోలు మాస్టారు

కూర్చోబెట్టకూడదమ్మా. విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ సరిగ్గా అలాంటి పిల్లల కోసమే. ఎప్పుడొచ్చినా వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. పదేళ్లకు వస్తే పదేళ్ల పిల్లలతోనే కూర్చుంటాడు. ఏదైనా వెనకబడి ఉంటే ప్రత్యేక శిక్షణ ఇచ్చి కలపాలి. మీ బాబు లెక్కల్లో ముందే ఉంటాడు, ఇంగ్లీషు ఒక్కటి చూసుకోండి. ప్రభుత్వ బడిలో చేర్చడానికి టీసీ రాలేదన్న కారణంతో ఆపకూడదని 5వ సెక్షన్‌లో ఉంది. ఏడాది మధ్యలో వచ్చినా కాదనకూడదని 15వ సెక్షన్. ఎవరైనా కాదంటే స్థానిక సంస్థకు ఫిర్యాదు చేయండి, మూడు నెలల్లో తేల్చాలని 32వ సెక్షన్. ఈ నాలుగు నంబర్లూ ఒక చీటీ మీద రాసి పెట్టుకోండి. హెడ్మాస్టర్లందరికీ ఇవి తెలుసు, మీకూ తెలుసని వాళ్లకి తెలియాలి. పాత స్కూల్ వాళ్లకి టీసీ కోసం నోటి మాటగా అడగడం మానేసి, తేదీ వేసి రాతపూర్వకంగా ఇవ్వండి. ఇవ్వకపోతే ఆ కాగితం కాపీ కూడా ఎంఈఓ గారికి ఇచ్చే ఉత్తరానికి జత చేయండి.

అమలాపురం వారికి ఒక మాట. బాబూ, ఫారాల వెనక సిలబస్ వస్తుందన్న మీ భయం ఉత్తదే అనను. ఆఫీసుల తీరు నాకూ తెలుసు. అందుకే నేనడిగేది చాలా కొద్దిగా. రికార్డులో 'బడి బయట' అని ఒక్క గడి ఉంది. పక్కన 'ఇంట్లో చదువు' అని ఇంకో గడి కావాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు దగ్గరి బడి టీచరు వచ్చి పిల్లాడితో కాసేపు కూర్చుని, పుస్తకాలు చూసి సంతకం పెట్టి వెళ్లాలి. పరీక్ష వద్దు, సిలబస్ వద్దు, ఫీజు వద్దు. ఇప్పుడు మీ అమ్మాయి, చెరువు గట్టు బాబు, లేసు అల్లే పిల్ల అందరూ ఒకే గడిలో పడుతున్నారు. దాంతో మీలాంటివాళ్ల మీద అనవసరంగా అనుమానం, సాయం కావాల్సిన పిల్ల మీద ఎవరి కన్నూ పడకపోవడం, రెండూ జరుగుతున్నాయి. ఇలా అడుగుతూ మీరు, నేను, నరసాపురం అమ్మాయి కలిసి కలెక్టరేట్లో అర్జీ ఒకటి పెడితే బాగుంటుందని నా ఉద్దేశం. సోమవారం నేను అమలాపురం వస్తాను, వీలుంటే మీరూ రండి. కూర్చుని రాద్దాం.

పాలకొల్లు అమ్మా, మీ ఉత్తరం రాశాక పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి. ఒకసారి చూసి సరిచేస్తాను, తర్వాత పట్టుకెళ్లండి.